కమిషన్ వేశారు... తర్వాత?

ప్రమాదం జరిగినా, కాల్పులు జరిగినా, కుంభకోణం బయటపడినా వెంటనే వినపడే మాట ఒకటే... 'న్యాయవిచారణ జరిపించాలి!' ప్రభుత్వం సరేనంటుంది. మర్నాడు పేపర్లో పెద్దక్షరాలతో 'విచారణకు కమిషన్' అని వస్తుంది. ఆ తర్వాత ఏం జరుగుతుంది? ఆ కమిషన్ ఎక్కడ కూర్చుంటుంది? దానికి మనుషుల్ని ఎవరిస్తారు? జీతాలెవరిస్తారు? అది ఎవరినైనా పిలవగలదా? శిక్షించగలదా?

మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగింది 2023 అక్టోబరు 21న. ఎన్నికలయ్యాయి, ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం మొదట హైకోర్టుకు లేఖ రాసింది- విచారణకు ఒక సిట్టింగ్ జడ్జిని ఇవ్వమని. కుదరదన్నది జవాబు. అప్పుడు రిటైరైన న్యాయమూర్తుల వైపు చూశారు. 2024 మార్చి 14న జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ పేరుతో జీవో వెలువడింది. సుప్రీంకోర్టులో పనిచేసి, దేశానికి తొలి లోక్‌పాల్‌గా ఉన్న ఆయన అంతకుముందు కొద్ది నెలలు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి కూడా. మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ల... మూడు బ్యారేజీల ప్రణాళిక, డిజైను, నిర్మాణం, నిర్వహణలో తప్పెక్కడ జరిగిందో తేల్చి, జూన్ నెలాఖరుకల్లా చెప్పమన్నారు.

జీవో వచ్చిన రోజున కమిషన్ అంటే అంతే. ఒక కాగితం, ఒక మనిషి, ఒక గడువు. కూర్చోడానికి కుర్చీ కూడా ఉండదు! ఆ కుర్చీతో సహా అన్నీ ప్రభుత్వమే ఇవ్వాలి. ఘోష్ కమిషన్‌కి హైదరాబాద్‌లోని బీఆర్‌కే భవన్‌లో చోటిచ్చారు. కొత్త సచివాలయం కట్టినన్నాళ్లూ ప్రభుత్వం నడిచింది ఆ భవనంలోంచే. కాళేశ్వరం ఫైళ్లలో ఎన్ని ఒకప్పుడు ఆ మెట్లెక్కి దిగాయో!

జడ్జే ఉండాలని ఎక్కడా లేదు

దీనంతటికీ ఆధారం 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం. 'ప్రజలకు సంబంధించిన ముఖ్యమైన ఒక నిర్దిష్ట అంశం' మీద కేంద్రమైనా రాష్ట్రమైనా కమిషన్ వేయొచ్చు. ప్రభుత్వానికి ఇష్టమైతే వేస్తుంది. చట్టసభ తీర్మానం చేస్తే మాత్రం వేసి తీరాలి. ఒక్కరితో వేయొచ్చు, నలుగురితో వేయొచ్చు. తమాషా ఏమిటంటే, కమిషన్‌కి జడ్జే ఉండాలని ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఇంజినీరునో ప్రొఫెసర్‌నో పెట్టినా చట్టం కాదనదు. జడ్జి అయితే జనం నమ్ముతారు కాబట్టి జడ్జిని పెడుతూ వచ్చారు. అదే రివాజైపోయింది. 'న్యాయవిచారణ' అనే మాట కూడా అలా స్థిరపడిందే.

ఒకప్పుడు పదవిలో ఉన్న జడ్జీలే వచ్చేవారు. 1958లో ముంద్రా వ్యవహారం అందుకు గొప్ప ఉదాహరణ. హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల్లో ఎల్ఐసీ దాదాపు కోటీ పాతిక లక్షల రూపాయలు పెట్టింది. ఎందుకు పెట్టిందని పార్లమెంటులో నిలదీసింది ప్రధాని నెహ్రూ అల్లుడు ఫిరోజ్ గాంధీయే. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి.చాగ్లాతో ఏకసభ్య కమిషన్ వేశారు. చాగ్లా విచారణ బహిరంగంగా జరిపారు. హాలు సరిపోకపోతే బయట నిలబడ్డ జనం కోసం లౌడ్‌స్పీకర్లు పెట్టించారు. నెలలోపే అంతా ముగిసింది. నివేదిక వచ్చిన కొద్ది రోజులకే ఆర్థికమంత్రి టి.టి.కృష్ణమాచారి రాజీనామా చేశారు. అంత వేగం మళ్లీ చూడలేదు.

ఇప్పుడు హైకోర్టుల్లో కేసులు గుట్టలుగా పేరుకున్నాయి. ఉన్న జడ్జీలే చాలడం లేదు. అందుకే ప్రధాన న్యాయమూర్తులు సిట్టింగ్ జడ్జిని పంపడానికి ఒప్పుకోవడం లేదు. దాంతో కమిషన్లన్నీ రిటైరైన వాళ్ల చేతికే వస్తున్నాయి. ఇందులో ఒక చిక్కుంది. విచారణకు గురవుతున్న రాజకీయ నాయకుడు 'ఆయన్ని నియమించింది మా ప్రత్యర్థులే కదా' అని మొదటి రోజునే అనొచ్చు. అంటారు కూడా.

కమిషన్ అధ్యక్షుడు నోరు జాగ్రత్తగా వాడకపోతే ఏమవుతుందో తెలంగాణలోనే మరో కమిషన్ చూపించింది. ఛత్తీస్‌గఢ్ విద్యుత్ కొనుగోలు, భద్రాద్రి, యాదాద్రి థర్మల్ కేంద్రాల మీద జస్టిస్ ఎల్.నరసింహారెడ్డితో 2024లోనే ఇంకో కమిషన్ వేశారు. విచారణ సాగుతుండగా ఆయన విలేకరులతో మాట్లాడారు. అప్పటికే ఒక అభిప్రాయానికి వచ్చేసినట్టు మాట్లాడారని మాజీ ముఖ్యమంత్రి కేసీఆర్ కోర్టుకెక్కారు. హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు మాత్రం జులై 16న వేరే వ్యక్తిని నియమించమంది. నిష్పాక్షికంగా ఉంటే చాలదు, ఉన్నట్టు కనపడాలి కూడా అన్నది కోర్టు మాటల సారాంశం. నరసింహారెడ్డి తప్పుకున్నారు. ఆ స్థానంలోకి జస్టిస్ మదన్ బి.లోకూర్ వచ్చారు.

సెక్రటరీ వస్తేనే గాడిలో పడేది

బయటికి కనపడేది జడ్జిగారే. కానీ కమిషన్ నడిచేది ఆయన వెనకున్న అరడజను మందితో. అందులో మొదటివాడు కార్యదర్శి. సాధారణంగా జిల్లా జడ్జి స్థాయి అధికారి, లేదంటే అదే హోదాలో రిటైరైన వ్యక్తి, కొన్నిచోట్ల ఐఏఎస్ అధికారి. ఉత్తరాలు, సమన్లు, నోటీసులు అన్నీ ఆయన సంతకంతోనే పోతాయి. ఏ ఫైలు ఏ శాఖలో ఉందో, ఏ గుమస్తాని అడిగితే బయటికొస్తుందో తెలిసిన కార్యదర్శి దొరికితే కమిషన్‌కి సగం పని అయిపోయినట్టే. ఆ తర్వాత స్టెనోలు. సాక్షి చెప్పే ప్రతి మాటా కాగితం మీదకి ఎక్కించాల్సింది వాళ్లు. మంచి స్టెనో లేక వాయిదాపడ్డ విచారణలకు లెక్కలేదంటే చాలామంది నమ్మరు. ఆపైన బెంచి క్లర్కు, అటెండర్లు, డ్రైవరు. వీళ్లంతా ఏదో ఒక శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చేవాళ్లే. కమిషన్ అయిపోగానే మళ్లీ సొంత శాఖకి వెళ్లాల్సిన వాళ్లే. ఆ సంగతి వాళ్లకీ తెలుసు, వాళ్ల పై అధికారులకీ తెలుసు.

ఇక కమిషన్ న్యాయవాది. ఈయన ఏ పక్షానికీ చెందడు. సాక్షుల్ని అడగాల్సిన ప్రశ్నలు తయారుచేసి, దాచిన కాగితాల్ని వెలికితీయించి, జడ్జి ముందు పెట్టాల్సిన మనిషి. బాబ్రీ మసీదు కూల్చివేతపై వేసిన లిబర్‌హాన్ కమిషన్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన న్యాయవాదికీ అధ్యక్షుడికీ మధ్య విభేదాలొచ్చాయి. నివేదిక రాయకముందే ఆ న్యాయవాది తప్పుకున్నారు. అదెంత లోటో తర్వాత తెలిసింది. నివేదికలో తప్పుపట్టిన 68 మందిలో దేవ్‌రహా బాబా పేరు కూడా ఉంది. కూల్చివేత జరిగింది 1992 డిసెంబరులో. ఆయన కన్నుమూసింది 1990లో!

సాంకేతిక విషయాలైతే జడ్జికి నిపుణులు కావాలి. కాంక్రీటు ఎందుకు కుంగిందో, ఇసుక ఎటు కొట్టుకుపోయిందో న్యాయశాస్త్రంలో ఉండదు కదా. సలహాదార్లుగా నిపుణుల్ని పెట్టుకునే వీలు చట్టంలోనే ఉంది. ఘోష్ కమిషన్ కూడా ఇంజినీర్ల సాయం తీసుకుంది. దర్యాప్తు చేయించాలంటే పోలీసు అధికారుల్నీ వాడుకోవచ్చు. కాకపోతే ఆ పోలీసులు ఏ ప్రభుత్వం కింద ఉన్నారో ఆ ప్రభుత్వం సరేననాలి. అనుమానం పోలీసుల మీదే అయితే?

ఆ ప్రశ్న 2019లో ఎదురైంది. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో డిసెంబరు 6 తెల్లవారుజామున 'దిశ' కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆ రోజు పోలీసుల మీద పూలు చల్లిన జనం ఉన్నారు. వారం తిరక్కుండానే, డిసెంబరు 12న, సుప్రీంకోర్టు తనే ముగ్గురితో కమిషన్ వేసింది. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ వి.ఎస్.సిర్పూర్కర్, బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ రేఖా సొందూర్ బల్దోటా, సీబీఐ మాజీ డైరెక్టర్ డి.ఆర్.కార్తికేయన్. ముగ్గురూ బయటి రాష్ట్రాలవాళ్లే. కూర్చునేది హైదరాబాద్‌లో. ఖర్చు రాష్ట్రానిదే అయినా భద్రత మాత్రం రాష్ట్ర పోలీసులది కాదు, సీఆర్పీఎఫ్‌ది. ఎవరి మీద విచారణో వాళ్లే కాపలా కాస్తే సాక్షి గేటు దాటి లోపలికి రావడానికి జంకుతాడు. చిన్న ఏర్పాటే. కానీ కమిషన్ స్వతంత్రంగా ఉందా లేదా అన్నది ఇలాంటి చిన్న ఏర్పాట్లలోనే తెలుస్తుంది. ఆరు నెలల్లో ముగించమంటే కరోనా అడ్డొచ్చి రెండేళ్లు దాటింది. 50 మందికి పైగా సాక్షుల్ని విచారించి 2022 జనవరిలో నివేదిక ఇచ్చారు. అది ఎన్‌కౌంటర్ కాదు, కావాలని కాల్చిందేనని చెప్పి, పదిమంది పోలీసులపై హత్యకేసు నడపాలని సిఫార్సు చేశారు. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చారు. అదే ఏడాది మే 20న నివేదికను బయటపెట్టిన సుప్రీంకోర్టు, తదుపరి సంగతి హైకోర్టు చూడాలంది.

ఆ ఉత్తరం వస్తే...

మనుషులు కుదిరాక కమిషన్ చేసే మొదటి పని పేపర్లో ప్రకటన ఇవ్వడం. ఏదో ఒక పేజీలో ఓ మూలన చాలామంది చూసే ఉంటారు- 'ఫలానా ఘటన గురించి తెలిసినవారు ఫలానా తేదీలోగా అఫిడవిట్లు దాఖలు చేయవచ్చు' అని. ఎవరైనా పంపొచ్చు. ఎమర్జెన్సీ అకృత్యాలపై 1977లో జస్టిస్ జె.సి.షా కమిషన్ ఇలా పిలుపిస్తే 48 వేలకు పైగా ఫిర్యాదులొచ్చిపడ్డాయి. వాటిని చదివి, ఏది దేనికిందకొస్తుందో విడదీయడమే పెద్ద యజ్ఞం.

తర్వాత సమన్లు. కమిషన్‌కి సివిల్ కోర్టుకున్న అధికారాలుంటాయి. ఎవరినైనా పిలిపించొచ్చు, ప్రమాణం చేయించి అడగొచ్చు, ఏ ఆఫీసు నుంచైనా ఫైళ్లు తెప్పించొచ్చు. గెజిటెడ్ అధికారిని పంపి సోదా చేయించి కాగితాలు స్వాధీనం చేసుకోవచ్చు. కమిషన్‌కి అప్రతిష్ఠ కలిగేలా మాట్లాడితే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. అయినా షా కమిషన్ ముందుకొచ్చిన ఇందిరాగాంధీ ప్రమాణం చేసి వాంగ్మూలమివ్వడానికి ససేమిరా అన్నారు. సాక్షికి ఒక రక్షణ ఉంది. కమిషన్ ముందు చెప్పిన మాటని తర్వాత అతని మీదే కోర్టులో వాడటానికి లేదు. అబద్ధం చెబితే మాత్రం ఆ కేసు వేరు.

నోటీసుల్లో తేడా కూడా తెలుసుకోవాలి. కొందరిని సాక్షులుగా పిలుస్తారు. కొందరికి చట్టంలోని 8-బి సెక్షన్ కింద నోటీసు వస్తుంది. దానర్థం... 'ఈ విచారణలో మీ పేరుకు మచ్చ రావచ్చు, కాబట్టి మీ వాదన చెప్పుకోండి' అని. అలాంటి నోటీసు అందుకున్న వ్యక్తి సొంత లాయరును పెట్టుకోవచ్చు, తనకు వ్యతిరేకంగా చెప్పిన సాక్షుల్ని క్రాస్ ఎగ్జామిన్ చేయొచ్చు. ఇది మర్యాద కోసం పెట్టిన సెక్షన్ కాదు. కమిషన్ శిక్ష వేయదు గానీ పేరు తీయగలదు. పేరు పోయాక ఏ కోర్టు తిరిగి తెచ్చిస్తుంది? అందుకే నివేదికలు కూలేది ఎక్కువగా ఇక్కడే. ఘోష్ కమిషన్ ముందు 2025 జూన్‌లో ఈటల రాజేందర్, హరీష్‌రావు, కేసీఆర్ వరసగా హాజరయ్యారు. జులై 31న నివేదిక వచ్చింది. తమకు 8-బి నోటీసులివ్వకుండానే తప్పుపట్టారంటూ ఆగస్టులో కేసీఆర్, హరీష్‌రావు హైకోర్టుకు వెళ్లారు.

గడువులు, పొడిగింపులు

ఘోష్ కమిషన్‌కి మొదట ఇచ్చింది నూరు రోజుల పైచిలుకు. పట్టింది పదహారున్నర నెలలు. ఇది నిజానికి వేగమే! లిబర్‌హాన్ కమిషన్‌ని 1992 డిసెంబరు 16న వేసి మూడు నెలల్లో చెప్పమన్నారు. 48 సార్లు గడువు పెంచారు. 399 సార్లు సమావేశమైంది. సుమారు 8 కోట్ల రూపాయలు ఖర్చయింది. నివేదిక చేతికొచ్చింది 2009 జూన్ 30న. ఆ పదహారున్నరేళ్లలో లిబర్‌హాన్ హైకోర్టు జడ్జిగా ఉన్నారు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, రిటైరయ్యారు. కమిషన్ మాత్రం సాగుతూనే ఉంది. కొందరు సాక్షులు కోర్టుల నుంచి స్టేలు తెచ్చుకున్నారు. ఇంకొందరు వాయిదాల మీద వాయిదాలడిగారు. సిట్టింగ్ జడ్జికి పగలంతా కోర్టు పని. కమిషన్‌కి మిగిలేది శని, ఆదివారాలు. అన్నీ కలిసి అంత కాలం పట్టింది.

వేసిన ప్రభుత్వమే తీసెయ్యొచ్చు కూడా. చట్టసభ తీర్మానంతో వేసినదాన్ని తీయాలంటే మళ్లీ తీర్మానం కావాలి. మిగతావాటికి ఒక్క నోటిఫికేషన్ చాలు. 1992-93 ముంబయి అల్లర్లపై విచారిస్తున్న జస్టిస్ శ్రీకృష్ణ కమిషన్‌ని మహారాష్ట్రలో కొత్తగా వచ్చిన ప్రభుత్వం 1996 జనవరిలో రద్దుచేసింది. విమర్శలొచ్చాయి. అదే ఏడాది మేలో పదమూడు రోజుల ప్రధాని వాజ్‌పేయి చెప్పాక మళ్లీ ప్రాణం పోశారు. పోస్తూ పోస్తూ 1993 మార్చి పేలుళ్ల నేపథ్యాన్నీ విచారణలో చేర్చారు. ఆ శ్రీకృష్ణే 2010లో తెలంగాణ అంశంపై హైదరాబాద్ వచ్చిన శ్రీకృష్ణ. అయితే అది కమిటీ, ఈ చట్టం కింద వేసిన కమిషన్ కాదు. సమన్లిచ్చే అధికారం దానికి లేదు. పేపర్లలో రెండు మాటలూ ఒకేలా పడుతుంటాయి గానీ తేడా పెద్దదే.

కేంద్రం ఒకటి, రాష్ట్రం ఒకటి వేస్తే? గోద్రా రైలు దహనంపై గుజరాత్ ప్రభుత్వం 2002లో వేసిన కమిషన్ విచారిస్తుండగానే 2004లో రైల్వేశాఖ జస్టిస్ యు.సి.బెనర్జీతో మరో విచారణ మొదలెట్టింది. మంట ప్రమాదవశాత్తు అంటుకుందని ఒకరు, కుట్ర అని ఒకరు. చివరికి 2006లో గుజరాత్ హైకోర్టు బెనర్జీ నియామకమే చెల్లదంది.

అమెరికాలో ఈ విషయంలో వేరే పద్ధతి. 2001 సెప్టెంబరు 11 దాడులపై కమిషన్‌ని ప్రత్యేక చట్టం చేసి మరీ వేశారు. అధికారపక్షం నుంచి ఐదుగురు, ప్రతిపక్షం నుంచి ఐదుగురు. అధ్యక్షుడిగా ప్రకటించిన హెన్రీ కిసింజర్ తన కన్సల్టెన్సీ ఖాతాదారులెవరో చెప్పాల్సి వస్తుందని కొద్దిరోజులకే తప్పుకున్నారు. సుమారు 80 మంది సిబ్బంది. చరిత్రకారులు, గూఢచార నిపుణులు, లాయర్లు... గుమస్తాలు కాదు, పరిశోధకులు. మొదటిచ్చిన 30 లక్షల డాలర్లు చాలవని పోరాడి ఒకటిన్నర కోట్ల దాకా పెంచుకున్నారు. 25 లక్షల పేజీలు చదివి, 1200 మందికి పైగా మనుషులతో మాట్లాడి 20 నెలల్లో నివేదిక ఇచ్చారు. ఆ నివేదిక పుస్తకాల షాపుల్లో అమ్ముడుపోయి, అక్కడి జాతీయ పుస్తక పురస్కారం తుది జాబితా దాకా వెళ్లింది! అక్కడా అనుమానాలు తప్పలేదు. సిబ్బందికి నాయకత్వం వహించిన ఫిలిప్ జెలికో అధ్యక్ష భవనానికి దగ్గరివాడని బాధిత కుటుంబాలు గొడవపెట్టాయి.

నివేదిక ఏమవుతుంది?

కమిషన్ చెప్పింది తీర్పు కాదు. 1958లోనే దాల్మియా కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చేసింది. కమిషన్ నిజం కనుక్కుంటుంది, సిఫార్సు చేస్తుంది. అంతవరకే. అమలు చేయడం, చేయకపోవడం ప్రభుత్వం ఇష్టం. కేసు పెడితే పోలీసులు మొదటినుంచీ దర్యాప్తు చేయాలి, కోర్టు మొదటినుంచీ సాక్ష్యాలు వినాలి.

హైదరాబాద్ పాతవాళ్లకి 1978 నాటి నల్లకుంట పోలీస్‌స్టేషన్ ఘటన గుర్తుండే ఉంటుంది. స్టేషన్‌లో ఒక మహిళపై అత్యాచారం, ఆమె భర్త మరణం. ఊరు అట్టుడికింది, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్‌తో కమిషన్ వేశారు. ఆయన విచారించి పోలీసులదే తప్పన్నారు. కేసు నడిచింది. రాయచూరుకు బదిలీ అయింది. అక్కడి కోర్టు పోలీసుల్ని నిర్దోషులుగా వదిలేసింది. కమిషన్‌కి నిజమనిపించింది కోర్టులో రుజువు కాలేదు. ఆ మహిళకి దక్కింది ఆ కమిషన్ నివేదికే.

నివేదిక అందిన ఆరు నెలల్లోగా, ఏం చర్యలు తీసుకున్నారో చెప్పే పత్రంతో కలిపి చట్టసభలో పెట్టాలి. చట్టం అంత స్పష్టంగా చెప్పింది. పెట్టకపోతే ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. గుజరాత్‌లో నానావతి కమిషన్ తుది నివేదిక 2014 నవంబరులో అందితే సభలోకొచ్చింది 2019 డిసెంబరులో. లిబర్‌హాన్ నివేదిక సభకంటే ఒకరోజు ముందు పత్రికలో వచ్చేసింది. కాళేశ్వరం నివేదిక 2025 ఆగస్టు 31న తెలంగాణ శాసనసభకు వచ్చింది. రాత్రి పొద్దుపోయేదాకా చర్చ జరిగింది. చివర్లో ప్రభుత్వం దర్యాప్తును సీబీఐకి అప్పగిస్తామంది.

పని ముగిసిన రోజున కమిషన్ ఆఫీసులో చేసేది మూటలు కట్టడమే. వాంగ్మూలాలు, అఫిడవిట్లు, ఫొటోలు, మ్యాపులు... అన్నిటికీ నంబర్లు వేసి ప్రభుత్వానికి అప్పగిస్తారు. స్టెనోలు, అటెండర్లు సొంత శాఖలకి వెళ్లిపోతారు. గది ఇంకెవరికో ఇస్తారు. నివేదిక ప్రతులు బీరువాల్లోకి చేరతాయి. షా కమిషన్ మూడు భాగాలుగా ఇచ్చిన నివేదికకి అదీ దక్కలేదు. 1980లో ఇందిరాగాంధీ మళ్లీ అధికారంలోకి వచ్చాక దాని ప్రతులు కనపడకుండా పోయాయి. మద్రాసుకు చెందిన మాజీ ఎంపీ ఇరా సెళియన్ దగ్గర మాత్రం ఒక ప్రతి మిగిలింది. దాన్ని ఆయన 2010లో పుస్తకంగా అచ్చువేయించారు. అప్పటికి ఆ నివేదిక ఇచ్చి 32 ఏళ్లు.